ఓడలోకి కందిపొడి

మూకుడులో కందిపప్పు సన్నసెగ మీద వేగుతోంది, ప్రసూన గరిటె ఆపకుండా తిప్పుతోంది. పప్పు ఇంకా పసుపు రంగులోనే ఉంది. తొందరపడి మంట పెంచితే పైన మాడి లోపల పచ్చిగా ఉండిపోతుంది, ఆ సంగతి పొడి నోట్లో పెట్టుకున్నాక గాని తెలియదు. కందిపప్పు అయ్యాక ఎండుమిరపకాయలు, ఆ తరవాత జీలకర్ర, స్టవ్ ఆపేశాక ఆ వేడికే నాలుగు వెల్లుల్లి రెబ్బలు. ఇంత చిన్న పనికి ఇంత శ్రద్ధ ఎందుకు పెడుతోందో ఆమెకే తెలియడం లేదు. కొంచెం మాడనిస్తే ఏమవుతుంది, ఓడలో కూర్చుని తినేవాళ్ళు కాస్త చేదుగా ఉందే అనుకుంటారు, అంతేగా. కాని చెయ్యి మాడనివ్వడం లేదు. పైన గదిలో ఆమె భర్త శ్యామ్‌సుందర్ సూట్‌కేసు సర్దుకుంటున్నాడు, చక్రాలు నేలమీద అటూ ఇటూ దొర్లుతున్న చప్పుడు కిందికి వినిపిస్తోంది. ఇంకాసేపట్లో అతని అక్క ఉషా కూతుర్ని వెంటబెట్టుకుని వస్తుంది. తరవాత అక్కా తమ్ముడూ కలిసి ఎయిర్‌పోర్టుకి, అక్కడి నుంచి శాన్ హువాన్‌కి, శాన్ హువాన్ రేవులో ఓడ. కూతురు వేద మాత్రం ఇక్కడే, చాండ్లర్‌లో, ప్రసూన దగ్గర ఉంటుంది. నిన్న ఫోన్లో వదిన అంది కదా, ఎంత గొప్ప వంటవాడున్నా వారంపాటు ఆ చప్పిడి తిండి నా వల్ల కాదమ్మాయ్, ఒక సీసాడు కందిపొడి కొట్టిపెట్టు, నెయ్యి చిన్న డబ్బాలో వెయ్యి, అన్నం వాళ్ళనే అడిగి వండించుకుంటాం అని. సరే వదినా అంది ప్రసూన. ఎప్పుడూ అనే మాటే.

ఆ ఓడని ప్రసూన చూసినన్నిసార్లు వాళ్ళిద్దరిలో ఎవరూ చూడలేదు. ఫోన్లో, అన్నం ఉడికేలోపు, బట్టలు మడత పెడుతూ, ఎన్నిసార్లు చూసిందో. పెద్ద క్రూయిజులు వేరు, అవి నీళ్ళమీద తేలే అపార్ట్‌మెంట్ల లాంటివి, వాటి మీద ఆమెకి ఆశ పుట్టలేదు. ఇది చిన్న ఓడ. మూడు తెరచాపలు. పెద్ద ఓడలు వెళ్ళలేని చిన్న చిన్న దీవుల దగ్గర ఆగుతుంది, ఎక్కిన రెండోరోజుకల్లా పనివాళ్ళు పేరు పెట్టి పలకరిస్తారు, పొద్దున పైడెక్కు మీద తెల్లగుడ్డ పరిచిన బల్ల, చల్లగా కోసిన బొప్పాయి ముక్కలు, పక్కన నిమ్మచెక్క. మెట్ల కింద చిన్న లైబ్రరీ ఉంది, అందులో ఆకుపచ్చ కుర్చీ ఒకటి కిటికీ వైపు తిరిగి ఉంటుంది. ఎక్కడ మలుపు తిరిగితే ఏ గది వస్తుందో ఆమె కళ్ళు మూసుకుని చెప్పగలదు. ఓడ వెనకవైపు ఒక పెద్ద తలుపు మెల్లగా కిందికి వాలి, నీటిమీద చెక్క అరుగులా పరుచుకుంటుంది. అక్కడి నుంచి మెట్టు దిగితే సముద్రమే. ఆ అరుగు చివర తాను కాళ్ళు వేలాడేసి కూర్చున్నట్టు, పక్కన శ్యామ్ కూర్చున్నట్టు, అతను ఫోను గదిలో మరిచిపోయినట్టు ఆమె ఊహించుకుంది. ఫోను మరిచిపోవడం ఆ ఊహలో చాలా ముఖ్యం. ప్రతి గది తలుపు పక్కనా ఇత్తడి చట్రంలో ఒక కార్డు, దానిమీద ఆ గదిలో దిగినవాళ్ళ పేర్లు. శ్యామ్ అండ్ ప్రసూన అని ఉండాల్సింది. ఇప్పుడు శ్యామ్ అండ్ ఉషా అని రాస్తారు, కలిసి ఉన్న మంచాన్ని విడదీసి రెండు మంచాలు చెయ్యమని అతను కంపెనీకి మెయిల్ కూడా పెట్టాడు. పప్పు రంగు మారుతోంది, వాసన ఇప్పుడిప్పుడే లేస్తోంది.

టికెట్టు కొన్నది కాదు. శ్యామ్ కంపెనీ చిప్పులు తయారుచేసే ఫ్యాక్టరీల్లో యంత్రాలు నిలబెడుతుంది. పోయిన ఏడాది ఎవరూ నడపలేమన్న యంత్రాన్ని ఇతని టీము నడిపించింది, పండగల్లేవు, ఆదివారాల్లేవు, అతను నిలబడే అన్నం తిని వెళ్ళిపోయేవాడు, లంచ్‌బాక్సు ఫ్యాక్టరీ గేటు దాకా ఆమే డ్రైవ్ చేసుకెళ్ళి ఇచ్చేది. మేలో కంపెనీ ఆ టీమువాళ్ళని ఎంచి బహుమతిగా ఓడ ప్రయాణం ప్రకటించింది, మనిషికో అతిథిని తెచ్చుకోవచ్చు అంది. ఆ సాయంత్రం అతను గుమ్మంలోనే చెప్పాడు. ఆమె వేళ్ళకి శనగపిండి, చెయ్యి కడుక్కోకుండానే అతని భుజం పట్టుకుంది, చొక్కా మీద మరక పడింది, అతను దులుపుకోలేదు కూడా. ఆ నెల ఎంత మంచి నెల. జూన్‌లో కంపెనీ లాయరు వివరాలు అడిగినప్పుడు గాని సంగతి బయటపడలేదు. ఈ దేశంలో ఉండటానికి ఒక కాగితం కావాలి, బయటికి వెళ్ళి మళ్ళీ లోపలికి రావడానికి పాస్‌పోర్టులో వీసా ముద్ర కావాలి. కాగితం ఇద్దరికీ ఉంది. ముద్ర అతనికే ఉంది. ఆమెది గడువు తీరిపోయింది, ఇల్లూ పచారీ కొట్టూ గుడీ తిరిగినన్నాళ్ళూ ఆ లోటు కనిపించలేదు, ఒక దీవి దగ్గర ఓడ దిగితే మాత్రం ఆమెని తిరిగి రానివ్వరు. హైదరాబాద్ కాన్సులేట్‌లో వీసా ఇంటర్వ్యూ స్లాట్లు చూశారు, వచ్చే ఏడాది దాకా లేవు. శ్యామ్ ల్యాప్‌టాప్ మూసి, చూద్దాంలే అన్నాడు. చూద్దాంలే అన్నదేదీ ఆ ఇంట్లో ఇంతవరకు ఎవరూ చూడలేదు.

అతనికి ముద్ర ఎందుకుంది, ఆమెకి ఎందుకు లేదు, ఇదొక్కటే ఆమె గొంతులో ముల్లులా దిగబడింది. దానికి ముందు డిసెంబరులో ఇద్దరికీ స్లాట్లు దొరికాయి, ఇద్దరికీ టికెట్లు తీశారు. బయల్దేరే ముందటి ఆదివారం వదిన మంచు చూద్దామని ఫ్లాగ్‌స్టాఫ్ వెళ్ళి, కారు దిగిన మొదటి అడుగులోనే జారిపడి చీలమండ విరగ్గొట్టుకుంది. ఆపరేషన్, రాడ్డు, కాలు కింద పెట్టకూడదు. వదిన భర్త దామోదర్ అన్నయ్యగారికి సెలవు లేదు, పిల్ల చిన్నది. ఫోను పెట్టేసి శ్యామ్ ఆమె వైపు చూశాడు. ఆ చూపులో అడగడం లేదు, అప్పటికే తేల్చుకోవడం ఉంది. నువ్వుండిపో ప్రసూనా, నేను వెళ్ళి నాది చేయించుకొస్తా, నీకిప్పుడు స్టాంపింగ్‌తో పనేముంది, ఎక్కడికి వెళ్తావు గనక అన్నాడు. ఆ మాట ఆ రోజు నొప్పి పెట్టలేదు, నిజమే కదా అనుకుంది కూడా. సంక్రాంతి దాటేవరకూ ప్రసూన వదిన వాళ్ళింట్లోనే ఉంది. వదినకి స్పాంజి బాత్ చేయించింది, జడ వేసింది, బాత్రూముకి భుజం ఆసరా ఇచ్చి తీసుకెళ్ళింది, వేదకి లంచ్ కట్టింది, దామోదర్ అన్నయ్యగారి షర్టులు కూడా ఐరన్ చేసింది. వదిన కన్నీళ్ళు పెట్టుకుంది ఒకరోజు, చెయ్యి పట్టుకుని, మా అమ్మ బతికున్నా ఇంత చేసేది కాదే అంది. ఆ మాటలో అబద్ధం లేదు. ఇప్పుడు ఆ కాలితోనే వదిన ఓడ ఎక్కుతుంది. నడిపించిన చేతులు ఇక్కడ పప్పు వేయిస్తాయి. ఇలా అనుకోకూడదు అని ఆమె అనుకుంటుంది, అనుకున్నాక మళ్ళీ అదే అనుకుంటుంది. అసూయ అనేది పుస్తకాల్లో మాట, చదువుకున్నవాళ్ళకి ఉండేది. ఊళ్ళో దీన్ని కుళ్ళు అంటారు. బయటికి పండు బాగానే ఉంటుంది, మెత్తబడిన చోట వేలు పెడితే గాని తెలియదు.

పప్పు దింపి పళ్ళెంలో పోసింది. చల్లారాలి. మిరపకాయలు తొడిమలు తీస్తూ కూర్చుంది. వెళ్ళమన్నది ఎవరు, తనే. ఆ మాట తనే అంది, వదిన్ని తీసుకెళ్ళమని కూడా తనే అంది. కందుకూరు దగ్గర వాళ్ళ ఊళ్ళో ఎవరింటికైనా వెళ్తే భోంచెయ్యమంటారు, వద్దండీ ఇప్పుడే తిన్నాం అంటారు వెళ్ళినవాళ్ళు. అదేం మాట అని వీళ్ళు, కాదు నిజంగానే అని వాళ్ళు, పీట వాల్చాక ఇక తప్పేలా లేదే అని కూర్చోవడం. ఎంత ఆకలితో వెళ్ళినా మొదట వద్దనాలి. పెట్టేవాళ్ళకి ఆ వద్దులో ఆకలి వినపడాలి. ఒకసారి కొత్తగా వచ్చిన బ్యాంకు మేనేజరు భార్య, ఎక్కడో పట్నంలో పెరిగిన మనిషి, ప్రసూన వాళ్ళ పెద్దమ్మ వద్దండీ అనగానే అలాగా అని వడ్డించబోయిన గారెలు లోపలికి తీసుకెళ్ళిపోయింది. పెద్దమ్మ ఆ గారెల గురించి చచ్చిపోయేదాకా చెప్పింది. శ్యామ్ కూడా ఒంగోలు టౌనులోనే పెరిగాడు, అయినా ఇరవై మైళ్ళ దూరంలో వాళ్ళకి వద్దు అంటే ఏమిటో తెలియకుండా ఉంటుందా. మీరు వెళ్ళిరండి, రెండో టికెట్టు ఊరికే పోవడమెందుకు, వదిన్ని తీసుకెళ్ళండి అని ఆమె అంది. ఆర్ యూ ష్యూర్ అన్నాడు. పర్లేదండీ అంది. ఇంకొక్కసారి అడుగుతాడని సోఫాలో చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. అతను ఫోను తీసి అక్కకి కలిపాడు, స్పీకర్లో పెట్టాడు. అక్కడైనా, ఆ మనిషైనా, అదేంట్రా ప్రసూన లేకుండా నేనెలా వస్తానురా అంటుందని ఎదురుచూసింది. నిజమా, డేట్స్ ఏంటి రా, అంది వదిన. అంతే. గారెలు లోపలికి వెళ్ళిపోయాయి.

గరాజు వైపు తలుపు తెరుచుకుంది, వదిన గొంతు ముందుగా లోపలికొచ్చింది, ఎప్పుడూ అంతే. వెనక చిన్న సూట్‌కేసు, ఇంకో చేత్తో వేద, నెత్తిన కొత్త టోపీ, వెడల్పాటి అంచులున్న గడ్డి టోపీ, దానికి నీలం రిబ్బను. జుట్టుకి రంగు వేయించుకుంది. ముఖం పదేళ్ళు వెనక్కి వెళ్ళింది. ప్రసూన మూకుడులో మిరపకాయలు వేసి టోపీని చూసింది. ఆ టోపీ రకం ఆమె ఆగస్టులోనే చూసుకుంది, కార్ట్‌లో పెట్టుకుంది, తరవాత తీసేసింది. తనది తెల్ల రిబ్బను. ఆ టోపీ పెట్టుకుని డెక్కు మీద నిలబడితే గాలికి ఎగిరిపోకుండా ఒక చేత్తో పట్టుకోవాలి, ఫోటోల్లో ఆడవాళ్ళంతా అలాగే పట్టుకుంటారు, రేపు వదిన కూడా అలా పట్టుకుంటుంది, శ్యామ్ ఫోటో తీస్తాడు, ఇంకొంచెం పక్కకి అక్కా అంటాడు, ఆ ఫోటో ఈ వంటగదిలో ఈ ఫోన్లోకి వస్తుంది, సూపర్ వదినా అని టైపు చేసి పువ్వు బొమ్మ పెట్టాలి. నల్లటి పొగ లేచింది. మిరపకాయలు బొగ్గయిపోయాయి, ఘాటు గొంతులో కొట్టింది, పైకప్పు మీద స్మోక్ అలారం గోలగోలగా మోగడం మొదలుపెట్టింది. వేద రెండు చెవులూ మూసుకుంది. శ్యామ్ దగ్గుకుంటూ మెట్లు దిగి వచ్చి, స్టూలెక్కి టవలుతో అలారానికి విసురుతున్నాడు.

"ఓడెక్కకముందే పొగబెట్టి పంపించేస్తున్నావేంటే అమ్మాయ్" అంది వదిన, నవ్వుతూ, కళ్ళు తుడుచుకుంటూ.

"సారీ వదినా, చూసుకోలేదు."

"నీకు పరధ్యానమా. నీ చేతిలో ఏదైనా మాడటం ఇదే చూడటం. ఒరే శ్యామూ, ఆ ఊపుడికి ఫ్యాను కూడా ఊడొచ్చేలా ఉంది, దిగరా."

"నువ్వొచ్చాకే మోగిందక్కా. ఇంట్లో స్మోక్ అలారం కాదిది, ఆడపడుచు అలారం."

ఇద్దరూ నవ్వారు. ప్రసూన కూడా నవ్వింది, నల్లబడ్డ మిరపకాయలు చెత్తలో వేసి, మూకుడు తుడిచి, కొత్తవి తొడిమలు తీసింది. అదిగో ఆ నవ్వు. ఓడ కన్నా, దీవుల కన్నా ఆమెకి ఎక్కువ కష్టంగా ఉన్నది ఆ నవ్వే. అక్క ఎదురుగా ఉంటే శ్యామ్ తల వెనక్కి వేసి, గొంతు తెరిచి నవ్వుతాడు, ఒక్కోసారి కళ్ళల్లో నీళ్ళొస్తాయి. ఆమెతో ఉంటే తిన్నావా, కారు లాక్ చేశావా, పాల క్యాన్ తేవాలి. కోప్పడడు, చెయ్యెత్తడు, పేరు పెట్టడానికి ఏమీ లేదు. పెళ్ళయిన కొత్తలో అతను తక్కువ మాట్లాడే మనిషి అని ఆమె నమ్మింది, తాను కూడా తక్కువే కదా, ఇద్దరికీ సరిపోయిందని తృప్తిపడింది కూడా. తాను వదిన వాళ్ళింట్లో ఉన్నన్నాళ్ళూ, అతను ఇండియా నుంచి తిరిగొచ్చి ప్రతి సాయంత్రం అక్కని చూడటానికి వచ్చినప్పుడు, గోడవతల నుంచి ఆ నవ్వు వినేది. పప్పు కడుగుతూ ఉంటే వినిపించేది. ఇంత మాట ఈ మనిషిలో ఉందా అనిపించేది. ఓడలో ఒక గది, రెండు మంచాలు, దీపం ఆర్పాక వాళ్ళు మాట్లాడుకుంటారు, స్కూలు సంగతులు, నాన్న స్కూటరు సంగతులు, అవన్నీ వదినకి సగం చెప్తే సగం తెలుసు. ఆ చీకట్లో తాను పక్క మంచంలో ఉంటే అతను ఏం మాట్లాడేవాడు. ఏసీ తగ్గించనా అనేవాడు. అయినా, ఏమో, సముద్రం మీద వేరేగా ఉండేదేమో, ఫోను సిగ్నలు ఉండదు, వీడియోలో చెప్పారు. అదే తెలుసుకోవాలనుకుంది. ఓడ ఎక్కాలన్నది కాదు, ఫోను పలకని చోట ఈ మనిషి తనతో ఏం మాట్లాడతాడో ఒకసారి వినాలన్నది. ఆ వారం ఇప్పుడు వదినది.

వదినని తిట్టుకోవడానికి కూడా లేదు. తమ్ముడి చదువు కోసం ఆమె ఇక్కడికొచ్చిన కొత్తలో గ్యాస్ స్టేషన్లో నిలబడి పనిచేసింది, ప్రసూనకి డ్రైవింగ్ నేర్పింది కూడా ఆమే, ఖాళీ పార్కింగ్ లాటులో పక్కన కూర్చుని, భయపడకే, గుద్దితే నా కారేగా అంటూ. వేద పుట్టాక ఒక్కతీ ఎక్కడికీ వెళ్ళి ఎరగదు. వెళ్ళాల్సిన మనిషే. ఇవన్నీ ఒకదాని పక్కన ఒకటి పేర్చుకుంటే కుళ్ళు తగ్గాలి, తగ్గడం లేదు, ఇంకా లోపలికి పోతోంది.

మిరపకాయలు ఈసారి సరిగ్గా వేగాయి. జీలకర్ర, వెల్లుల్లి కూడా అయ్యాక అన్నీ పప్పుతో కలిపి మిక్సీలో వేసింది, ఉప్పు వేసింది. వేద స్టూలెక్కి పక్కన నిలబడింది.

"అత్తా, నువ్వు ఎందుకు షిప్‌కి వెళ్ళట్లేదు?"

"నాకు కుదరదురా."

"మమ్మీ సెడ్ నీకు ఇష్టం లేదు. మామయ్య టోల్డ్ హర్. నీకు వాటర్ అంటే స్కేర్డ్ అని."

మిక్సీ ఆన్ చేసింది. ఆ రొదలో కాసేపు ఎవరూ ఏమీ అడగరు. వాటర్ అంటే స్కేర్డ్. ఊరి చుట్టూ పొగాకు చేలు, ఎండాకాలం తాగేనీళ్ళ ట్యాంకరు కోసం లైను, నిజమే, నీళ్ళల్లో పెరిగిన మనిషి కాదు. తొమ్మిదో తరగతిలో స్కూలువాళ్ళు కొత్తపట్నం బీచికి తీసుకెళ్ళారు, మగపిల్లలు చొక్కాలు విప్పి దూకారు, ఆడపిల్లల్ని టీచరు చీలమండ దాకానే వెళ్ళనిచ్చింది, లంగాలు తడిస్తే బస్సులో ఎలా వస్తారు అంది. ఉప్పునీళ్ళు కాళ్ళ కింది ఇసుకని లాక్కెళ్ళిపోతుంటే ఒళ్ళంతా ఝల్లుమంది, అది భయం కాదు. ఓడ కబురు తెలిసిన వారానికే సిటీ పూల్‌లో క్లాసులకి చేరింది. తనతోపాటు అయిదేళ్ళ పిల్లలు, టీచరు కరోల్ అనే తెల్లజుట్టు ఆవిడ, ముఖం నీళ్ళల్లో పెట్టి బుడగలు వదలమనేది. మొదటిరోజు ముక్కులోకి నీళ్ళెక్కి ఏడుపొచ్చింది, పక్కనున్న పిల్లవాడు ఇట్స్ ఓకే అని ఓదార్చాడు. ముద్ర సంగతి తెలిశాక కూడా ఆమె మానలేదు. ఎందుకు మానలేదో చెప్పలేదు. సెప్టెంబరు నాటికి ఈ ఒడ్డు నుంచి ఆ ఒడ్డుకి ఆగకుండా వెళ్ళింది, ఆ ఒడ్డున సిమెంటు అంచు పట్టుకుని, మెరిసే నీళ్ళకి కళ్ళు చికిలించి, ఎవరూ చూడలేదు కదా అని ఒక్కతే నవ్వుకుంది. ఆ రాత్రి భోజనాల దగ్గర శ్యామ్‌తో చెప్పింది, ఏమండీ, ఇవాళ పూలంతా ఈదేశాను అని. గుడ్ గుడ్ అన్నాడు, స్క్రీన్ మీద వేలు జరుపుతూ, పెరుగుందా అన్నాడు. ఆ చెవిలో ఒక్క ముక్కయినా పడి ఉంటే స్కేర్డ్ అని అక్కకి ఎలా చెప్తాడు. అబద్ధమాడే మనిషి కాదు. నిజంగానే అనుకుంటున్నాడు. అది ఇంకా అన్యాయం.

మిక్సీ ఆపేసరికి వదిన హాల్లో నేలమీద కూర్చుని సూట్‌కేసు మళ్ళీ తెరిచింది, ఏదో మరిచిపోయిన మనిషిలా అటూ ఇటూ వెతికింది.

"అమ్మాయ్, నా స్విమ్ డ్రెస్సు పట్టట్లేదే, పాప పుట్టకముందుది. నువ్వు చేతులు ఫుల్లుగా ఉన్నది ఒకటి కొన్నావంటగా. శ్యామ్ చెప్పాడు, కొని ఊరికే పడేసింది అని. ఒకసారి ఇస్తావా, అది సాగుతుంది కదా."

"తెస్తా వదినా."

పైకెళ్ళింది. బీరువా కింది సొరుగులో ముదురు నీలం డ్రెస్సు, భుజాల దగ్గర క్లోరిన్‌కి రంగు వెలిసింది, మోచేతుల దగ్గర పోగులు లేచాయి. ఊరికే పడేసిన బట్టకి రంగు ఎలా వెలుస్తుంది. ఆమె దాన్ని ఒళ్ళో పెట్టుకుని మంచం అంచున కూర్చుంది. కిటికీలోంచి పక్కింటి నారింజచెట్టు కనిపిస్తోంది, జనవరి ఎండ తెల్లగా ఉంది. ఇస్తే ఏం పోయింది, అన్నీ ఇచ్చాక. ఇవ్వకపోతే మాత్రం ఓడ ఆగుతుందా. వదిన వేసుకుని అరుగు చివర కూర్చుంటుంది, మెట్టు దిగుతుంది, ఈ నీలం గుడ్డ ఆ నీళ్ళలో తడుస్తుంది, గుడ్డయినా వెళ్తుంది. లేచింది. మెట్ల మీద పై మలుపు దాకా వచ్చి, కింద మాటలు వినిపించి నిలబడింది.

"ఒరే, ప్రసూనకి బాధగా ఏం లేదు కదరా?" వదిన గొంతు తగ్గించి అడుగుతోంది.

"లేదక్కా. తనే కదా వెళ్ళమంది. నిన్ను తీసుకెళ్ళమన్నది కూడా తనే. తనకివేం పట్టవు."

వేద టీవీలో కార్టూను పెట్టుకుంది, దాని సంగీతం వస్తోంది.

"నువ్వు మొద్దువిరా" అంది వదిన. "ఆడది వెళ్ళమంటే వెళ్ళమనేనా. నా కాలు విరక్కపోతే దానికీ స్టాంపింగ్ అయ్యుండేది. దానికి రావాలనే ఉంటుంది."

ప్రసూన రెయిలింగు పట్టుకుంది. ఇదే మాట కోసం కదా ఇన్ని నెలలు కాచుకుంది. ఎవరో ఒకరికి తెలియాలి, ఎవరో ఒకరు పైకి అనాలి. అనేసింది. ఇప్పుడు శ్యామ్ తల ఎత్తాలి, ఏమంటున్నావక్కా అనాలి, మెట్ల వైపు చూడాలి. ఇంకా టైముంది, క్యాబు ఇంకా రాలేదు.

"మరి ఇప్పుడేం చేద్దామంటావు?" అన్నాడు శ్యామ్.

"ఇప్పుడేం చేస్తాం. పేర్లు కూడా మార్చేశారు. తిరిగొచ్చేటప్పుడు మంచిదేదైనా కొనిపెడదాం, ఆ దీవుల్లో ముత్యాలు బావుంటాయంట. ఏది, ఆ జిప్పు పట్టు, రావట్లేదు."

జిప్పు జర్రున పాకింది. అతనికి తెలియదు, ఆమె ఆ సంగతి ఎప్పుడో సర్దుకుంది, తెలియని మనిషి మీద కోపం ఎంతసేపు నిలబడుతుంది. వదినకి తెలుసు. స్పీకర్లో డేట్స్ ఏంటి రా అన్న రోజున కూడా తెలుసు. ఆకలి వినపడింది, వినపడి కూడా పళ్ళెం లోపలికి తీసుకెళ్ళింది. ఇందాకటిదాకా ప్రసూన లోపల మెత్తగా, వెచ్చగా, సిగ్గుపడుతూ ఉన్నదేదో ఒక్కసారిగా గట్టిపడింది. ప్రసూన వెనక్కి తిరిగింది. డ్రెస్సు మడత పెట్టి సొరుగులో పెట్టి, సొరుగు మూసి, బీరువా తలుపు కూడా మూసింది. ఖాళీ చేతులతో మెట్లు దిగింది.

"దొరకలేదా?" అంది వదిన, సూట్‌కేసు మీద కూర్చుని. "పోనీలే, అక్కడే కొనుక్కుంటా. పొడి సీసాలో వేశావా? వేదకి పొద్దున పాలల్లో చాక్లెట్ పౌడరు వెయ్యాలే, లేకపోతే తాగదు. ఎనిమిదింటికి బస్సు. వాళ్ళ నాన్న డాలస్ నుంచి శనివారానికి గాని రాడు, ఏదైనా అయితే ఫోను చెయ్యి, ఓడలో తగలకపోతే మెసేజ్ పెట్టు."

ప్రసూన వదిన ముఖంలోకి చూసింది. ఇంతసేపు చూడటం ఇదే మొదటిసారి. వదిన మాట ఆపేసింది. ఆమె చూపు మెట్ల వైపు వెళ్ళింది, మెట్ల పై మలుపు దాకా వెళ్ళి, తిరిగి ప్రసూన మీదికొచ్చింది, టోపీ కింద ముఖం మెల్లగా రంగు మారింది. శ్యామ్ ఫోన్లో క్యాబు ఎక్కడుందో చూసుకుంటున్నాడు. ఫోర్ మినిట్స్ అన్నాడు ఎవరితోనూ కాకుండా. ఈ ఇంట్లో ఇప్పుడు ముగ్గురు పెద్దవాళ్ళు, ఒక పిల్ల. ముగ్గురిలో ఇద్దరు వెళ్తే ఒకరు ఉండాలి. ఆ ఉండేవాళ్ళు ఎవరని ఇంతవరకు ఎవరూ అడగలేదు, గోడ ఉంటుందా అని ఎవరూ అడగనట్టే. ప్రసూన కార్టూను చూస్తున్న వేద దగ్గరికెళ్ళి నుదుటిమీద జుట్టు పక్కకి తీసింది. పిల్ల తల తిప్పకుండానే అత్త చేతికి బుగ్గ ఆనించింది. ఒక్క క్షణం కాళ్ళు ఆగాయి. పిల్ల ఒంటరిగా లేదు, వాళ్ళమ్మ ఉంది, మామయ్య ఉన్నాడు. ఇద్దరూ ఉన్నారు, ఇద్దరిలో ఎవరుంటారో వాళ్ళే తేల్చుకుంటారు.

గుమ్మం దగ్గర చెప్పులు వేసుకుంది. "చెత్త పడెయ్యడానికా, నేను చూస్తాలే" అన్నాడు శ్యామ్, ఫోను లోంచి తల ఎత్తకుండా. "ప్రసూనా" అంది వదిన. పిలుపు కాదది, అడగడం కూడా కాదు, మొదటిసారి ఆ గొంతులో ఏం చెయ్యాలో తెలియనితనం ఉంది. వెనక ఆమె సూట్‌కేసు మీంచి లేచిన చప్పుడైంది. బయట ఎండ అరుగు దాకా వచ్చి ఉంది. ఎప్పుడు గడప దాటినా వెళ్ళొస్తానని చెప్పి వెళ్ళడం చిన్నప్పటి నుంచి అలవాటు, పచారీ కొట్టుకి వెళ్ళినా చెప్పే వెళ్తుంది, ఆ మాట నాలిక చివరి దాకా వచ్చింది. ఆమె పెదవులు కలిపి, తలుపు తీసుకుని, బయటికి నడిచింది.